తిరువెంకట రాజేంద్ర శేషాద్రి

తిరువెంకట రాజేంద్ర శేషాద్రి (ఫిబ్రవరి 3, 1900 - సెప్టెంబరు 27, 1975) సుప్రసిద్ధ భారతీయ రసాయన శాస్త్రవేత్త. శాస్త్రలోకంలో టి.ఆర్.శేషాద్రిగా పేరుపొందారు. మొక్కల పూలు, బెరళ్ళు, గింజలు, లైకెన్లలో ఉండే సహజ పదార్థాల నిర్మాణాన్ని కనుగొనడం ఆయన జీవితకాలపు కృషి. తమిళదేశంలో పుట్టినా, ఆయన పరిశోధనకు పునాది పడింది విశాఖపట్నంలో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ఆ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగాన్ని తొలిదశలో తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యులు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడ కూడా గొప్ప పరిశోధక బృందాన్ని తయారుచేశారు. 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు.

ఖరీదైన పరికరాలు లేని రోజుల్లో, పత్తి పువ్వు, గోగు పువ్వు, కానుగ నూనె వంటి ఊరూరా దొరికే వస్తువులనే పరిశోధనకు ఎంచుకోవడం శేషాద్రి ప్రత్యేకత. ఆమ్లాలు, క్షారాలు అనే రెండు ప్రాథమిక సాధనాలతో ఆ వస్తువుల రహస్యాలను ఆయన ఎలా విప్పారో తెలుసుకోవడం రసాయనశాస్త్రం చదివే విద్యార్థులకు ఎంతో ఉపయోగకరం.

బాల్యం, విద్య

శేషాద్రి అప్పటి తిరుచిరాపల్లి జిల్లాలో కావేరీ నది ఒడ్డున ఉన్న కుళిత్తలైలో జన్మించారు. తండ్రి ఉపాధ్యాయుడు. పాఠశాల విద్య శ్రీరంగం, తిరుచిరాపల్లి పట్టణాలలో సాగింది. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి రసాయనశాస్త్రంలో ఆనర్సు పట్టా పొందారు. విద్యార్థి దశలో ఆయనకు రామకృష్ణ మిషన్ సహాయం లభించింది. పట్టా పొందిన తరువాత సుమారు ఒక సంవత్సరం మిషన్‌లోనే పనిచేశారు. ఆ సంస్థ ప్రభావం వల్ల అలవడిన నిరాడంబరత ఆయనలో చివరి వరకు నిలిచింది.

ఆ తరువాత ప్రెసిడెన్సీ కళాశాలకే తిరిగివచ్చి, ఆచార్య బిమన్ బిహారీ డే వద్ద పరిశోధన ప్రారంభించారు. డే కౌమరిన్లు అనే సేంద్రియ పదార్థాలపై పనిచేసేవారు. మొక్కలలో లభించే ఈ వర్గపు పదార్థాలతో శేషాద్రికి ఏర్పడిన పరిచయం ఆయన భావి పరిశోధనకు దారి చూపింది.

విదేశాలలో పరిశోధన

1927లో మద్రాసు ప్రభుత్వ ఉపకారవేతనంతో శేషాద్రి ఇంగ్లండు వెళ్ళారు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రాబిన్‌సన్ వద్ద పరిశోధన చేసి 1929లో పీహెచ్‌డీ పట్టా పొందారు. పూల రంగులు, ఆల్కలాయిడ్ల రసాయనశాస్త్రంలో ఆ కాలపు అగ్రగణ్యులలో రాబిన్‌సన్ ఒకరు. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మలేరియా నివారణకు ఉపయోగపడగల పదార్థాలపై కూడా శేషాద్రి అక్కడ పనిచేశారు.

తరువాత ఆస్ట్రియా వెళ్ళి గ్రాజ్ నగరంలో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ వద్ద సూక్ష్మ విశ్లేషణ పద్ధతులు నేర్చుకున్నారు. ఒక పదార్థంలో కార్బన్, హైడ్రోజన్ వంటి మూలకాలు ఎంతెంత పాళ్ళలో ఉన్నాయో కొన్ని మిల్లీగ్రాముల పదార్థంతోనే తేల్చే పద్ధతులకు ప్రెగ్ల్ 1923లో నోబెల్ బహుమతి పొందారు. బుట్టెడు పూల నుండి చిటికెడు పదార్థం మాత్రమే లభించే రంగంలో ఈ విద్య ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఆపైన ఎడిన్‌బరోలో జార్జ్ బార్జర్ వద్ద రెట్రోర్సిన్ అనే ఆల్కలాయిడ్‌పై పనిచేశారు. మొక్కలలో లభించే, క్షార స్వభావం గల నైట్రోజన్ పదార్థాలను ఆల్కలాయిడ్లు అంటారు. క్షారాన్ని పోలినది అనేదే ఆ పేరుకు అర్థం.

1930లో శేషాద్రి స్వదేశానికి తిరిగివచ్చారు. కొంతకాలం మద్రాసులోను, ఆపైన కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధనా సంస్థలోను పనిచేసి, 1933-34 ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు.

వాల్తేరులో తొలి రోజులు

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో స్థాపించబడి, 1930లో వాల్తేరుకు తరలివచ్చింది. శేషాద్రి వచ్చేనాటికి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉన్నారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఉదారంగా ఇచ్చిన విరాళాలతో విజ్ఞానశాస్త్ర కళాశాల రూపుదిద్దుకుంటోంది. భౌతికశాస్త్ర విభాగంలో సూరి భగవంతం పనిచేస్తున్నారు. విశాఖపట్నం నౌకాశ్రయం 1933లో ప్రారంభమయింది. నేడు పారిశ్రామిక నగరంగా పేరుపొందిన విశాఖలో అప్పటికి పెద్ద రసాయన పరిశ్రమ ఏదీ లేదు.

అటువంటి చోట రసాయనశాస్త్ర విభాగానికి అధిపతి కావడం అంటే తరగతులు చెప్పడం ఒక్కటే కాదు. ప్రయోగశాలను సమకూర్చుకోవాలి, గ్రంథాలయాన్ని పెంచాలి, పరిశోధన అంటే ఏమిటో తెలియని విద్యార్థులకు ఆ అలవాటు చేయాలి. శేషాద్రి ఈ మూడు పనులనూ ఏకకాలంలో చేపట్టారు. 1937లో ఆచార్య పదవి పొందారు. ఔషధ రసాయనశాస్త్రం, రసాయన సాంకేతిక శాస్త్రం వంటి అనువర్తిత శాఖలు అక్కడ ఎదగడానికి కూడా దోహదం చేశారు.

పరిశోధనకు ఏ వస్తువును ఎంచుకోవాలన్నది ఆయన ముందున్న మొదటి సమస్య. విదేశాల నుండి తెప్పించే ఖరీదైన పదార్థాలపై ఆధారపడితే పని తరచు ఆగిపోయే ప్రమాదం ఉంది. చుట్టుపక్కల పొలాలలో, తోటలలో దొరికే మొక్కలైతే కావలసినంత సరకు లభిస్తుంది. పైగా వాటిలో చాలా మొక్కలను అప్పటివరకు ఎవరూ రసాయనికంగా పరిశీలించలేదు. శేషాద్రి ఈ రెండవ మార్గాన్నే ఎంచుకున్నారు.

ఆమ్లాలు, క్షారాలు: కొంత పరిచయం

శేషాద్రి కృషిని అర్థం చేసుకోవడానికి ఆమ్లాలు, క్షారాల గురించి కొంత తెలిసి ఉండాలి. నిమ్మరసం, చింతపండు, పెరుగులలోని పులుపుకు కారణం ఆమ్లాలు. గోంగూర పులుపు కూడా అటువంటిదే. సున్నపు తేట, చాకలి సోడా, కట్టెల బూడిదను కలిపిన నీరు క్షార స్వభావం కలవి. పూర్వం చాకలివారు బట్టలు ఉతకడానికి వాడిన చౌడుమట్టిలో ఉన్నదీ క్షారమే. క్షార ద్రావణాలు వేళ్ళకు జారుడుగా తగులుతాయి. గాఢ ఆమ్లాలు, గాఢ క్షారాలు చర్మాన్ని కాలుస్తాయి కనుక ప్రయోగశాలలో దేనినీ రుచి చూడరాదు, చేతితో తాకరాదు.

నీటిలో కరిగినపుడు హైడ్రోజన్ అయాన్లను ఇచ్చేవి ఆమ్లాలనీ, హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేవి క్షారాలనీ స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 19వ శతాబ్దపు చివరలో వివరించారు. రెండింటినీ సరియైన పాళ్ళలో కలిపితే ఒకదాని గుణాన్ని మరొకటి పోగొట్టి, లవణము, నీరు ఏర్పడతాయి. దీనిని తటస్థీకరణం అంటారు. ఒక ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో అంకెలలో చెప్పడానికి డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ అనే కొలమానాన్ని ప్రవేశపెట్టారు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద స్వచ్ఛమైన నీటి పీహెచ్ 7. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం.

ఆమ్లంలో ఒక రంగు, క్షారంలో మరొక రంగు చూపే పదార్థాలను సూచికలు అంటారు. ఇవి తెలుగువారి ఇళ్ళకు కొత్తవి కావు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి తయారవుతుంది. పసుపు క్షారాన్ని గుర్తించే సూచిక అని చెప్పడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ లేదు. మందార పూల రేకులను వేడినీటిలో నానబెట్టి వచ్చిన రంగునీటిలో నిమ్మరసం వేస్తే ముదురు గులాబి రంగు, సున్నపు తేట వేస్తే ఆకుపచ్చ రంగు వస్తాయి. మందారంలో ఆంథోసయనిన్లు అనే రంగుపదార్థాలు ఉండడమే దీనికి కారణం. ఆమ్లంలో ఆంథోసయనిన్ అణువు ఒక రూపంలోను, క్షారంలో మరొక రూపంలోను ఉంటుంది. రూపం మారినప్పుడు అది పీల్చుకునే కాంతి మారుతుంది. అందువల్ల కంటికి కనిపించే రంగు మారుతుంది.

ఆంథోసయనిన్లకు దగ్గరి బంధువులు ఫ్లావనాల్‌లు. రెండూ ఫ్లావనాయిడ్లు అనే పెద్ద కుటుంబానికి చెందినవే. పత్తి, గోగు వంటి లేత పసుపు పూలలో ఇవి ఎక్కువగా ఉంటాయి. శేషాద్రి, ఆయన శిష్యులు ముఖ్యంగా పరిశోధించినది వీటినే.

పత్తి, గోగు, గంగరావి పూలు

1930లలో శేషాద్రి, కె.నీలకంఠం మొదలైన శిష్యులు పత్తిపూల రంగులపై పరిశోధన చేపట్టారు. పత్తి, గోగు, గంగరావి, మందారం అన్నీ వృక్షశాస్త్రరీత్యా ఒకే కుటుంబానికి చెందినవి. కాబట్టి వాటి రంగుపదార్థాలను పోల్చి చూస్తే కుటుంబ సంబంధాలు బయటపడే అవకాశం ఉంది. ఈ ఆలోచనతో పనిని పత్తి నుండి గోగుకు, ఎర్ర గోంగూరకు, గంగరావికి విస్తరింపజేశారు.

పని జరిగే తీరు స్థూలంగా ఇది. పూలరేకులను ఎండబెట్టి ఆల్కహాలులో మరిగిస్తే రంగుపదార్థం ఆల్కహాలులోకి దిగుతుంది. దానిని వడగట్టి, చిక్కబరచి, శుద్ధి చేయాలి. పూలలో ఈ పదార్థాలు చాలావరకు చక్కెరతో జతకట్టి ఉంటాయి. ఇలా చక్కెరతో కలిసి ఉన్న రూపాన్ని గ్లైకోసైడ్ అంటారు. దానిని సజల గంధకికామ్లంతో వేడిచేస్తే చక్కెర విడిపోయి, అసలు రంగుపదార్థం మిగులుతుంది. అంటే ఇక్కడ ఆమ్లం ఒక కత్తెరవలె పనిచేస్తుంది.

తరువాతి వంతు క్షారానిది. ఫ్లావనాల్ అణువులోని బెంజీన్ వలయాలకు ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంటలైన హైడ్రాక్సిల్ సమూహాలు అంటుకొని ఉంటాయి. వలయానికి అంటుకొన్న ఈ సమూహాలు స్వల్పంగా ఆమ్ల స్వభావం చూపుతాయి. అందువల్ల నీటిలో సరిగా కరగని రంగుపదార్థం క్షారంలో చిక్కని పసుపు రంగుతో కరుగుతుంది. మరల ఆమ్లం కలిపితే విడివడి అడుగుకు చేరుతుంది. అంతే కాదు. కొన్ని ఫ్లావనాల్‌ల క్షార ద్రావణాన్ని గాలిలో ఉంచితే పసుపు పోయి ఆకుపచ్చ, నీలం రంగులు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. హైడ్రాక్సిల్ సమూహాలు ఎన్ని ఉన్నాయి, ఏయే స్థానాలలో ఉన్నాయి అనే దానిని బట్టి ఈ రంగుల వరుస మారుతుంది. క్షారపు గాఢతను బట్టి కూడా మారుతుంది. ఒక పదార్థం కొత్తదా పాతదా అని తొలి అంచనా వేయడానికి ఈ వర్ణ పరీక్షలు ఎంతో ఉపకరించాయి. వేడి గాఢ క్షారంతో మరిగిస్తే ఫ్లావనాల్ అణువు రెండు ముక్కలుగా విరిగిపోతుంది. ఆ ముక్కలు ఏవో తెలిస్తే మొత్తం అణువు ఆకారం ఊహించవచ్చు.

వర్ణపటాలను క్షణాలలో గీసి ఇచ్చే నేటి పరికరాలు ఆనాడు లేవు. పరిశోధకుని కన్ను, ద్రవీభవన స్థానం కొలిచే ఉష్ణమాపకం, సూక్ష్మ విశ్లేషణ, కొన్ని సీసాల ఆమ్లాలు, క్షారాలు: ఇవే వాల్తేరు ప్రయోగశాల ఆయుధాలు.

కన్నాబిసెటిన్, హిబిసెటిన్

గోగు పూల నుండి లభించిన రంగుపదార్థానికి వాల్తేరు బృందం ఆ మొక్క శాస్త్రీయ నామాన్ని అనుసరించి కన్నాబిసెటిన్ అని పేరుపెట్టింది. మొదట దీనిని కొత్త పదార్థంగా భావించారు. అయితే పరిశోధన ముందుకు సాగగా, అది కాయఫలం బెరడులో అంతకుముందే కనుగొనబడిన మిరిసెటిన్ అనే పదార్థమే అని తేలింది. ఈ నిర్ణయానికి వచ్చినది కూడా శేషాద్రి బృందమే. తాము పెట్టిన పేరును తామే వదులుకోవడం ఏ పరిశోధకునికైనా కష్టమైన పని. కాని రుజువు ఎటు తీసుకుపోతే అటు పోవడమే శాస్త్ర ధర్మమని ఆ ప్రయోగశాల ఆచరణలో చూపింది.

ఎర్ర గోంగూర పూలు నిజంగా కొత్త పదార్థాన్నే ఇచ్చాయి. పి.సూర్యప్రకాశరావుతో కలిసి శేషాద్రి దానిని వేరుచేసి, హిబిసెటిన్ అని పేరుపెట్టి, నిర్మాణాన్ని నిర్ణయించారు. మిరిసెటిన్‌లో ఆరు హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటే, హిబిసెటిన్‌లో ఏడు ఉన్నాయి. ఆ ఏడవది అణువులోని ఎనిమిదవ స్థానంలో ఉంది. ఇదే తేడా మరొక జంటలోనూ కనిపిస్తుంది. అనేక మొక్కలలో లభించే క్వెర్సెటిన్‌లో అయిదు హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. పత్తిపూలలో లభించే గాసిపెటిన్‌లో ఆరు. ఇక్కడ కూడా అదనంగా చేరినది ఎనిమిదవ స్థానంలోనే.

మొక్క నడిచిన దారి

ఈ పోలికల నుండి శేషాద్రి ఒక ముఖ్యమైన ఊహ చేశారు. మొక్క ముందుగా మిరిసెటిన్, క్వెర్సెటిన్ వంటి సరళమైన అణువును తయారుచేసి, తరువాత ఎనిమిదవ స్థానంలో ఒక ఆక్సిజన్‌ను చేరుస్తూ ఉండాలి. అంటే హిబిసెటిన్, గాసిపెటిన్‌లు వేరే దారిలో మొదటినుండి కట్టబడినవి కావు. ఉన్న ఇంటికి మరొక గది చేర్చినట్లు ఏర్పడినవి.

ఊహ సరియైనదని చెప్పాలంటే ప్రయోగశాలలో అదే మార్పును చేసి చూపాలి. ఇందుకు క్షార ద్రావణంలో పొటాషియం పర్సల్ఫేట్‌తో ఆక్సీకరణం చేసే ఎల్బ్స్ పద్ధతిని ఆయన బృందం ఫ్లావనాయిడ్లకు అన్వయించింది. మొక్క చేసే మార్పు వంటి మార్పును ఆ విధంగా గాజుపాత్రలో సాధించారు. రసాయనశాస్త్రంలో దీనిని కేంద్రక ఆక్సీకరణం అంటారు. ఇక్కడ కేంద్రకం అంటే పరమాణు కేంద్రకం కాదు, బెంజీన్ వలయం. ఎన్నో క్లిష్టమైన ఫ్లావనాయిడ్లను సులభమైన ఫ్లావనాయిడ్ల నుండి తయారుచేయడానికి ఈ మార్గం ఉపయోగపడింది.

మొక్కలలో ఫ్లావనాయిడ్లు ఎలా ఏర్పడతాయన్న విషయంపై శేషాద్రి చేసిన ప్రతిపాదనలలో కొన్ని తరువాత మారాయి. రేడియోధార్మిక కార్బన్‌తో జరిపిన ప్రయోగాలు అణువులోని ఒక వలయం అసిటేటు ముక్కల నుండి ఏర్పడుతుందని చూపాయి. అయితే అణువు ఏర్పడిన తరువాత వలయానికి ఆక్సిజన్ చేరుతుందన్న భావనకు బలం చేకూర్చే విధంగా, మొక్కలలో ఆ పని చేసే ఎంజైములు అటుపైన కనుగొనబడ్డాయి.

లైకెన్లు, లిట్మస్

పాఠశాల ప్రయోగశాలలో ప్రతి విద్యార్థీ వాడే లిట్మస్ కాగితానికి, శేషాద్రి పరిశోధనకు ఒక ఆసక్తికరమైన సంబంధం ఉంది. లిట్మస్ ఆమ్లంలో ఎరుపుగాను, క్షారంలో నీలంగాను ఉంటుంది. ఈ రంగును సంప్రదాయికంగా రోసెల్లా జాతి లైకెన్ల నుండి తయారుచేసేవారు. శిలీంధ్రము, శైవలము కలిసి ఒకే జీవిగా బ్రతికే వాటిని లైకెన్లు అంటారు. మసాలాలలో వాడే రాతిపువ్వు కూడా లైకెనే.

రోసెల్లా జాతికి చెందిన ఒక లైకెన్ మన తీరప్రాంతాలలో చెట్ల బెరళ్ళపై పెరుగుతుంది. దాని శాస్త్రీయ నామం రోసెల్లా మాంటాగ్నీ. 1940 ప్రాంతంలో భారతీయ లైకెన్లపై శేషాద్రి మొదలుపెట్టిన వ్యాసపరంపరలో ఈ లైకెన్‌కు తొలి స్థానం దక్కింది. దీనిలో ఎరిత్రిన్ అనే పదార్థం, రోసెల్లిక్ ఆమ్లం మొదలైనవి ఉన్నాయని ఆయన బృందం తెలిపింది.

లైకెన్‌లో లిట్మస్ రంగు సిద్ధంగా ఉండదు. ఎరిత్రిన్‌కు రంగు లేదు. దానిని క్షారంతో విచ్ఛిన్నం చేస్తే చివరకు ఆర్సినాల్ అనే మరొక రంగులేని పదార్థం లభిస్తుంది. ఆర్సినాల్ అమ్మోనియా సమక్షంలో గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినపుడు ఊదా రంగు పుడుతుంది. ఈ క్రమంలో పొటాషు, సున్నం కూడా చేర్చి నిలవ ఉంచితే లిట్మస్ తయారవుతుంది. అంటే క్షారాన్ని గుర్తించే సూచిక తానే క్షారం వల్ల పుట్టిందన్నమాట. లైకెన్లపై శేషాద్రి పరిశోధన తరువాత ఢిల్లీలో కూడా చాలాకాలం సాగింది.

కానుగ, ఇతర మొక్కలు

కానుగ నూనెను ఆంధ్రదేశంలో దీపాలకు, చర్మవ్యాధులకు వాడడం పరిపాటి. దాని చేదుతనం వల్ల వంటకు పనికిరాదు. ఈ నూనెలోని కరంజిన్ అనే పదార్థంపై పూణెలో లిమయే అంతకుముందే పరిశోధన చేశారు. శేషాద్రి, ఎస్.రంగస్వామి మొదలైనవారు ఇదే నూనె నుండి పొంగమాల్ అనే మరొక పదార్థాన్ని వేరుచేసి పరిశీలించారు. చేపలను మత్తెక్కించడానికి గ్రామీణులు వాడే మొక్కలు, కీటకాలను చంపే మొక్కలు కూడా ఈ బృందం దృష్టిని ఆకర్షించాయి. మొక్కలలోని కౌమరిన్లపైనా కృషి కొనసాగింది.

యుద్ధకాలం

రెండవ ప్రపంచ యుద్ధం ఈ కృషికి పెద్ద పరీక్ష పెట్టింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. పట్టణ ప్రజలు పెద్దసంఖ్యలో లోపలి ప్రాంతాలకు తరలిపోయారు. విశ్వవిద్యాలయ భవనాలు సైనిక అవసరాలకు ఇవ్వబడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు మారింది.

ఎన్నో ఏళ్ళుగా ఒక్కొక్క వస్తువే చేర్చి నిర్మించుకున్న ప్రయోగశాలను విప్పి మరొక ఊరికి తరలించడం సామాన్యమైన విషయం కాదు. గాజు సామగ్రి పగలవచ్చు. ఏళ్ళ శ్రమతో కూడబెట్టిన పదార్థాల నమూనాలు పాడుకావచ్చు. విదేశాల నుండి రసాయనాలు రావడమూ కష్టమైంది. అయినప్పటికీ శేషాద్రి, ఆయన శిష్యులు పని ఆపలేదు. ఆ కాలంలో వారు ప్రచురించిన పరిశోధనా వ్యాసాలపై ఆంధ్ర విశ్వవిద్యాలయం, గుంటూరు అనే చిరునామా కనిపిస్తుంది. సి.వి.రామన్ 1934లో బెంగుళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో ఈ వ్యాసాలు చాలావరకు వెలువడ్డాయి. స్థానికంగా దొరికే మొక్కలపై ఆధారపడాలని తొలినాళ్ళలో తీసుకున్న నిర్ణయం యుద్ధకాలంలో వారిని ఎంతగానో ఆదుకుంది. యుద్ధం ముగిసిన తరువాత విశ్వవిద్యాలయం తిరిగి వాల్తేరు చేరుకుంది.

గురువుగా

శేషాద్రి పరిశోధనకు ఎంత ప్రాముఖ్యం ఇచ్చారో, పరిశోధకులను తయారుచేయడానికీ అంతే ప్రాముఖ్యం ఇచ్చారు. వాల్తేరు, ఢిల్లీలలో ఆయన పర్యవేక్షణలో పీహెచ్‌డీ పట్టా పొందినవారి సంఖ్య నూరు దాటింది. ఆయన, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనా వ్యాసాలు వేయికి పైబడి ఉంటాయి. శిష్యులలో పలువురు దేశంలోని విశ్వవిద్యాలయాలలో, పరిశోధన సంస్థలలో ఆచార్యులుగా, అధిపతులుగా పనిచేశారు. ఎల్.రామచంద్రరావు వంటివారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఉండి సహజ పదార్థాల పరిశోధనను ముందుకు నడిపించారు. గురువు వెళ్ళిపోయిన తరువాత కూడా వాల్తేరులో ఆ పరంపర ఆగకపోవడం ఆయన వేసిన పునాది గట్టిదనానికి నిదర్శనం.

ఢిల్లీలో

1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు సర్ మారిస్ గ్వయర్ ఆహ్వానంపై శేషాద్రి అక్కడ రసాయనశాస్త్ర విభాగాధిపతిగా చేరారు. వాల్తేరులో చేసినట్లే అక్కడ కూడా సహజ పదార్థాల పరిశోధనకు ఒక కేంద్రాన్ని నిర్మించారు. విదేశీ శాస్త్రవేత్తలు, విద్యార్థులు కూడా ఆ ప్రయోగశాలకు వచ్చేవారు. చెట్ల కలప, బెరళ్ళలోని పదార్థాలు, లైకెన్లు, ఔషధ మొక్కలపై పని విస్తరించింది. 1965లో పదవీ విరమణ చేసిన తరువాత విశ్వవిద్యాలయం ఆయనను గౌరవాచార్యునిగా నియమించింది. ఆ హోదాలో జీవితాంతం పరిశోధన కొనసాగించారు.

గౌరవాలు, పురస్కారాలు

1960లో లండన్ రాయల్ సొసైటీ శేషాద్రిని సభ్యునిగా ఎన్నుకొంది. 1963లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1967లో భారతీయ విజ్ఞాన మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ సంవత్సరపు సమావేశాలు హైదరాబాదులో జరగడం విశేషం. జర్మనీకి చెందిన లియోపోల్డినా అకాడమీ కూడా ఆయనకు సభ్యత్వం ఇచ్చింది. ఆయన డెబ్భైయవ జన్మదినం పేరిట భారత జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక పతకాన్ని నెలకొల్పింది.

మరణం

శేషాద్రి 1975 సెప్టెంబరు 27న తమ 75 ఏళ్ళ వయసులో మరణించారు.

ప్రాముఖ్యత

శేషాద్రి వాల్తేరు వచ్చిన నాటి విశాఖకు, తరువాతి విశాఖకు ఎంతో తేడా ఉంది. 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం అక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. గంధకికామ్లం, ఫాస్ఫారికామ్లం అటువంటి కర్మాగారాలకు ప్రాణం. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోకుగా మార్చేటప్పుడు వెలువడే అమ్మోనియాను గంధకికామ్లంతో తటస్థీకరించి అమ్మోనియం సల్ఫేటు అనే ఎరువును తయారుచేస్తారు. పాఠశాలలో పరీక్షనాళికలో జరిగే తటస్థీకరణమే అక్కడ పెద్ద తొట్లలో జరుగుతుంది. ఈ నగరంలో రసాయనశాస్త్రం ఉన్నత విద్యగా, పరిశోధనగా వేళ్ళూనుకోవడానికి తొలితరంలో కృషిచేసినవారిలో శేషాద్రి అగ్రగణ్యులు.

ఎర్ర గోంగూరను తెలుగువారు తరతరాలుగా దాని పులుపు కోసం పెంచుకుంటున్నారు. ఆకులోని ఆమ్లం అందరికీ తెలుసు. దాని పువ్వులో ఏముందో ఆమ్లంతో విడదీసి, క్షారంతో పరీక్షించి లోకానికి చెప్పినది వాల్తేరు ప్రయోగశాల. హిబిసెటిన్ అన్న పేరు నేటికీ రసాయనశాస్త్ర గ్రంథాలలో నిలిచి ఉంది.